పిడుగు పుట్టిన రేవు

మా అమ్మమ్మకు జపాను అంటే బాంబు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు ఆమె చిన్నపిల్ల. వంటసామాను మూటగట్టుకుని ఎడ్లబండిలో విజయనగరం వైపు వెళ్లిపోయిన సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాకు టోక్యోలో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు, "ఆ బాంబులు వేసినవాళ్ల దేశానికా తల్లీ?" అంది.

అందుకే యుద్ధంలో శత్రు నావికులను కాపాడిన ఇకాజుచి అనే జపాను ఓడ కథ మొదట విన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఇకాజుచి అంటే పిడుగు. 1932లో తయారైన డిస్ట్రాయర్, అంటే వేగంగా వెళ్లే ఒక రకం యుద్ధనౌక. దాని తోడి ఓడల పేర్లు అకాత్సుకి, హిబికి, ఇనాజుమా: వేకువ, ప్రతిధ్వని, మెరుపు. చంపడానికి కట్టిన ఓడలకు ఇంత అందమైన పేర్లు పెట్టిన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కొంచెం అనుమానమే.

జూన్‌లో ఒక ఆదివారం, సన్నటి వానలో, షినగావాలో ఎర్రటి కేక్యూ రైలెక్కాను. మొదటి మజిలీ యొకోసుకా. షియోయిరి స్టేషన్ దగ్గర నౌకాస్థావరం చుట్టూ తిప్పి చూపించే పడవ ఉంటుంది, ముప్పావుగంట ప్రయాణం. గైడ్ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. ఒకవైపు అమెరికా డిస్ట్రాయర్లు, ఇంకోవైపు జపాను ఓడలు. వాటిలో ఒక బూడిదరంగు ఓడ ముక్కు మీద తెల్లటి అంకెలు, 107. ఇదీ ఇకాజుచే, అదే పేరు మోస్తున్న కొత్త ఓడ. గొడుగు పక్కన పెట్టి ఫొటో తీసుకున్నాను. పాత ఇకాజుచిని ముంచింది అమెరికా. ఇప్పుడు ఇద్దరి ఓడలకూ ఒకటే రేవు.

మళ్లీ రైలెక్కి, హొరినోఉచిలో మారి, చివరి స్టేషన్ ఉరాగాలో దిగాను. పాత ఇకాజుచిని కట్టింది ఈ ఊళ్లోనే. షిప్‌యార్డు 2003లో మూతపడింది. మిగిలింది 1899 నాటి ఇటుకల డ్రై డాకు, ఓడను లోపలికి తెచ్చి నీళ్లు తోడేసే గొయ్యి. లోపలికి మెట్లుమెట్లుగా దిగే గోడలు, పైనుంచి చూస్తే నీళ్లు ఎండిన కోనేరులా ఉంది. వాన తడికి ఇటుకలు ముదురెరుపు తేలాయి, సందుల్లో నాచు. ఇది మరమ్మతుల చోటు. కొత్త ఓడలను వాలుగట్టు మీద కట్టి నీళ్లలోకి జార్చేవారు. 118 మీటర్ల ఓడ ఇక్కడి నుంచి బయలుదేరిందని గట్టు మీద నిలబడి ఊహించుకోవడమే తప్ప చూడటానికి ఇంకేమీ లేదు.

1942 మార్చి 1న జావా సముద్రంలో బ్రిటిష్ డిస్ట్రాయర్ ఎన్‌కౌంటర్, అమెరికన్ డిస్ట్రాయర్ పోప్ మునిగాయి. మర్నాడు ఇకాజుచి అటు వెళ్లేసరికి వందల మంది నావికులు నూనె తెట్టులో తేలుతున్నారు. జలాంతర్గాముల భయం ఉన్న చోట ఓడను ఆపడమంటే ప్రాణాలతో చెలగాటమే. అయినా కెప్టెన్ షున్‌సాకు కుదో ఆపాడు. 442 మందిని పైకి తీశారు. ఇకాజుచి సిబ్బందేమో దాదాపు 220 మందే. ఒళ్లంతా అంటిన నూనె తుడిచి, బట్టలిచ్చి, తిండి పెట్టారు. ఆ నీళ్లలోంచి బయటపడ్డ బ్రిటిష్ నౌకాధికారి శామ్ ఫాల్ తర్వాత రాయబారి అయ్యాడు. కాల్చేస్తారనుకుంటే, మీరు మా అతిథులు అన్నాడట కుదో. ఆయన మాత్రం ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పకుండానే 1979లో పోయాడు. 2008లో, 89 ఏళ్ల వయసులో ఫాల్ వచ్చి ఆయన సమాధి చూసి వెళ్లాడు.

ఈ ఒక్క కథతో జపాను నౌకాదళానికి మంచి పేరు కట్టబెట్టలేను. ఆ అతిథులు మర్నాటి నుంచి యుద్ధఖైదీలే, శిబిరాల్లో నానా అవస్థలూ పడ్డారు. 1944 మార్చిలో తోనే అనే క్రూయిజర్ బెహార్ అనే సరుకు ఓడను ముంచి, పైకి తీసినవాళ్లలో అరవై మందికి పైగా చంపేసింది. వారిలో భారతీయ నావికులూ ఉన్నారు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఇకాజుచి వంతు వచ్చింది. కుదో అప్పటికే వేరే ఓడకు మారిపోయాడు. ఒక సరుకు ఓడకు కాపలాగా వెళ్తూ ఉండగా, ఏప్రిల్ 13న గువామ్‌కు దక్షిణంగా అమెరికన్ జలాంతర్గామి హార్డర్ టార్పెడోలు వేసింది. ఖర్చయినవి నాలుగు టార్పెడోలు, ఒక జపాను డిస్ట్రాయర్ అని దాని కెప్టెన్ జమాఖర్చు రాసినట్టు నివేదిక పంపాడు. ఇకాజుచిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఆగస్టులో హార్డర్ కూడా అలాగే, మొత్తం సిబ్బందితో మునిగిపోయింది.

డాకు నుంచి వెనక్కి వస్తూ ఉరాగా రేవు దాటే పడవ దగ్గర ఆగాను. ఇరుకైన నీటిపాయ, ఇవతలో గుడి, అవతలో గుడి. మధ్యలోని నీటికి మునిసిపాలిటీ రోడ్డు నంబరు కూడా ఇచ్చారు, 2073. పడవ అవతలి ఒడ్డున ఉంది. ఇక్కడ ఒక గంట మీట ఉంది, నొక్కితే వస్తుందట. వానలో నేనొక్కదాన్నే, ఒక్కరి కోసం పిలవడం బాగుంటుందా అని కాసేపు తటపటాయించి నొక్కాను. అవతల ఇంజను మోత మొదలైంది.