మూడు ఆదివారాలు, ఒక పెంటికల కుప్ప

మాది బరంపురం. ఆస్కా దాటితే భేట్‌నోయ్, అక్కడ పొలాల్లోనే కృష్ణజింకలు తిరుగుతాయి (అటు ఆంధ్రా వాళ్ల రాష్ట్ర జంతువు కూడా ఇదే). అవి మేసిన ఏడాది వానలు బాగుంటాయని రైతుల నమ్మకం, పెసర చేలో పడ్డా తరమరు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు నుంచీ వాళ్లే కాపాడుకుంటున్నారు. అంత మచ్చికైతే నల్ల మగదాన్ని దగ్గరగా ఫొటో తీయడం ఎంతసేపు అనుకుని జనవరిలో బయల్దేరాను.

మొదటి ఆదివారమంతా గట్ల వెంట వాటి వెనకే నడిచాను. ఒక ఆడజింక మెడ సాచి చెవులు నిక్కించేది, ఇంతలో ఇంకోటి నిట్టనిలువుగా గాల్లోకి ఎగిరేది, అంతే, మందకు మంద పరుగు. కార్డు నిండా తోకలే. రెండో వారం వెళ్లేసరికి ఎండెక్కింది, నేల మీద వేడి అలలాడుతూ ప్రతి బొమ్మా నీళ్లలోంచి చూసినట్టు వచ్చింది.

ఆ రోజే ఒక ముసలి రైతు ఒడియాలో, ‘తిరగకు బాబూ, అది వచ్చేచోట కూర్చో’ అన్నాడు. ఎక్కడికొస్తుంది మౌసా అంటే బీడు నేలలో పెంటికల కుప్ప చూపించాడు, పైన తాజావి, కింద ఎండి వెలిసినవి. మగది తన హద్దు చాటుకోవడానికి మళ్లీ మళ్లీ అక్కడే వేస్తుంది. ఈ సంగతి చదివే ఉన్నాను, అయినా రెండుసార్లు దాన్ని తొక్కుకుంటూ పోయాను!

మూడో ఆదివారం చీకటితోనే వెళ్లి, ఎదురుగాలి చూసుకుని, కుప్పకి దూరంగా తాటిచెట్టు మొదట్లో కూర్చున్నా. ఫోన్ సైలెంట్‌లో పెట్టాననుకున్నా. పెట్టలేదు, ఆరున్నరకి మా ఆవిడ, బీరువా తాళం ఎక్కడని. ఆ తర్వాత రెండు గంటలు మోకాళ్లు పట్టేశాయి గానీ కదల్లేదు.

వచ్చింది. మెలికల కొమ్ములు వెనక్కి వాల్చి కుప్పని వాసన చూసింది. మొదటి ఫొటో పాడు: నల్లటి ఒళ్లు చూసి కెమెరా వెలుగు పెంచేసింది, కంటి చుట్టూ తెల్ల వలయం వివరమేమీ లేకుండా తెల్లగా పేలిపోయింది. వెలుగు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి మూడు తీశాను. మూడోదానికి ఒక చెవి నావైపు తిరిగింది. వేలు తీసేశాను. చెవి మళ్లీ ముందుకి తిరిగింది, అది నింపాదిగా పని ముగించుకుని వెళ్లిపోయింది.

వెళ్లి చూస్తే కుప్ప మీంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది.