వేడి చేసిందనుకున్నా

ఒక ప్లాస్టిక్ గోదాం తగలబడుతోందని కాల్ వస్తే, మంటలార్పి వచ్చిన మర్నాడు మొదటిసారి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. దానిమ్మ రసంలా ఉంది, అంతే. రాత్రంతా బ్రాంచ్, అంటే నీళ్లు చిమ్మే గొట్టం మూతి, పట్టుకుని నిలబడ్డాను, సరిగా నీళ్లు కూడా తాగలేదు, వేడి చేసిందనుకున్నా. మా ఆవిడా అదే అంది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ. మూడో రోజుకి మామూలైపోయింది. అలా మామూలైపోవడమే నా కొంప ముంచింది. మళ్లీ కనిపించేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఈసారి గడ్డలు గడ్డలుగా వచ్చింది.

కిడ్నీలో రాయి అయి ఉంటుందని స్కానింగ్‌కి వెళ్లాను. రాయి లేదు. మూత్రాశయం గోడకి రెండు సెంటీమీటర్ల కణితి ఉంది.

డాక్టరుగారు మొదట సిగరెట్ గురించి అడిగారు. పదిహేనేళ్లు తాగాను, మానేసి పదేళ్లయింది. తర్వాత ఏం పని చేస్తారని అడిగారు. లీడింగ్ ఫైర్‌మన్ని, ఇరవై రెండేళ్ల సర్వీసు అన్నాను. అప్పుడు చెప్పారాయన: ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో మంటలార్పే పనిని క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి గ్రూపులో చేర్చిందట. పొగాకు ఉన్నదీ అదే గ్రూపులో. గట్టి ఆధారాలున్నవిగా చెప్పిన రెండు క్యాన్సర్లలో ఒకటి మూత్రాశయానిదే.

"సిగరెట్ వల్లా, మీ పని వల్లా అంటే నేను విడదీసి చెప్పలేను. రెండింటి విషమూ రక్తంలో కలిసి, కిడ్నీలు వడకట్టాక, చివరికి ఆ సంచిలోనే గంటలకొద్దీ నిలవుంటుంది" అన్నారు.

"మేం బీఏ సెట్, అదే గాలి సిలిండరూ మాస్కూ, పెట్టుకుంటాం కదా సార్, పొగ లోపలికి పోదు" అన్నాను.

"చర్మం గుండా పోతుంది. మీ కోటు చివరిసారి ఎప్పుడు ఉతికారు?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే నాకు గుర్తు రాలేదు.

మా కోటు గురించి చెప్పాలి. ఇచ్చినప్పుడు పసుపు పచ్చగా ఉండేది. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర నల్లబడి, గోరుతో గీస్తే జిడ్డుగా మసి లేచేది. కాలర్ లోపలి వైపు చెమటా మసీ కలిసి అట్ట కట్టి ఉండేది. సరిగ్గా అక్కడే, మెడ మీద, చెవుల కింద, కాల్ నుంచి వచ్చాక రెండు రోజులు ఎంత రుద్ది స్నానం చేసినా పొగ వాసన పోయేది కాదు. దిండు గలీబు మీద నల్లటి మరక పడితే మా ఆవిడ విసుక్కునేది. "డ్యూటీ మరక" అని నేను నవ్వేవాణ్ణి.

స్టేషన్లో మాకందరికీ అదే పోకడ. మసి పట్టిన హెల్మెట్ ఉన్నవాడు పని చేసినవాడు, తళతళలాడే కోటు వేసుకున్నవాడు పెరేడ్‌కి వచ్చినవాడు. ఒక కుర్రాడు కొత్తగా చేరి, ప్రతి పెద్ద కాల్ తర్వాత కోటు విప్పి, పైపొర, లోపలి పొర వేరు చేసి ఉతుక్కునేవాడు. వాడికి 'పెళ్లికొడుకు' అని పేరు పెట్టింది నేనే. టీ దగ్గర, ఫోన్లు అందుకునే వాచ్ రూమ్‌లో, అందరి ముందూ పిలిచేవాణ్ణి. వాడు ఏమీ అనేవాడు కాదు, బకెట్ తీసుకుని పోయేవాడు.

ఉతక్కపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదులెండి. మాకు మనిషికి ఒక్కటే కోటు. ఉతికాక లోపలి పొర ఆరాలంటే రోజు పైనే పడుతుంది. ఈలోపు గంట మోగితే? తడి కోటుతో మంట దగ్గరికి పోతే లోపలి చెమ్మ ఆవిరై ఒళ్లు కాలుతుంది. కాబట్టి మురికి కోటే మేలనుకునేవాళ్లం. రెండో కోటు అడగాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. ఇంకో తప్పు కూడా చేసేవాళ్లం. మంట ఆరగానే మాస్కు తీసేసి, ఉక్క పోస్తుందని కోటు బొత్తాలు విప్పేసి, పొగలు కక్కుతున్న బూడిదని గంటల తరబడి తిరగేసేవాళ్లం. అసలు పని అయిపోయిందనుకునేవాళ్లం గానీ, ఆ పొగలోనూ విషం ఉంటుంది.

ఆపరేషన్ కోత లేకుండానే అయింది. నడుం కింద మత్తిచ్చి, మూత్రనాళం గుండా కెమెరా పంపి గీకేశారు. బయాప్సీలో 'హై గ్రేడ్', అంటే వేగంగా పెరిగే రకం, అని వచ్చింది, కానీ కండరం దాకా పాకలేదు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన తొమ్మిది రోజుల టెన్షన్ మంటల్లో కూడా ఎప్పుడూ పడలేదు.

కణితి తిరగబెట్టకుండా తర్వాత బీసీజీ. అవును, చంటిపిల్లలకి టీబీ రాకుండా భుజానికి వేసేదే. వారానికోసారి, ఆరు వారాలు, పైపు ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. రెండు గంటలు బిగబట్టాలి. కాసేపు ఎడమకి, కాసేపు కుడికి, కాసేపు బోర్లా తిరిగి పడుకోమన్నారు. ఆ సాయంత్రం చలి, జ్వరం. ప్రతి పావుగంటకీ గాజుపెంకులు పోసినట్టు మంట. అందులో బతికున్న క్రిములు ఉంటాయి కాబట్టి ఆరు గంటల పాటు వెళ్లినప్పుడల్లా కూర్చునే పోయాలి, తర్వాత బేసిన్‌లో బ్లీచ్ పోసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. బాత్రూమ్ గోడకి ఆనుకుని, గడియారం చూసుకుంటూ ఆ పావుగంటలు లెక్కపెట్టాను. ఇరవై రెండేళ్లలో నా కోటుకి అంత శ్రద్ధ చూపించలేదు.

నాలుగో వారం మా పెళ్లికొడుకు కొబ్బరిబొండాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. వరండాలో మేకుకి వేలాడుతున్న నా కోటు చూసి, "అన్నా, దీన్ని ఇంట్లో పెట్టుకున్నావా?" అన్నాడు. పిల్లల స్కూలు బ్యాగుల పక్కనే ఉందది. నేను లేచి అప్పుడే ఉతికేస్తానని బ్లీచ్ సీసా తీశాను. వాడు సీసా లాక్కుని, కోటు లోపల కుట్టిన చీటీ చూపించాడు. బ్లీచ్ వాడకూడదు, గోరువెచ్చటి నీళ్లే, ఎండలో ఆరెయ్యకూడదు, ఎండకి ఆ దారాల సత్తువ పోతుంది. మేమేమో వాన రోజుల్లో తడిసిన కోట్లని మిట్టమధ్యాహ్నం తీగ మీద పరిచేవాళ్లం! ఆ చీటీ ఇన్నేళ్లూ నా ఛాతీకి ఆనుకునే ఉంది. వాడు కోటుని సంచిలో మూట కట్టి స్టేషన్‌కి తీసుకుపోయాడు. మూడు బకెట్ల నీళ్లు తారులా దిగాయని మర్నాడు ఫోన్ చేసి చెప్పాడు.

మూడు నెలలకి కెమెరా పెట్టి చూశారు, శుభ్రంగా ఉంది. మళ్లీ మూడు నెలలకి చూస్తారు. ఇది ఏళ్లపాటు సాగే వ్యవహారం.

డ్యూటీకి మొదట వాచ్ రూమ్‌లో చేరాను, ఇప్పుడు మళ్లీ బండి ఎక్కుతున్నా. పోయిన నెల తుక్కు యార్డు తగలబడింది. తెల్లవారుజామున పని ముగిశాక నేను బకెట్‌లో సబ్బు నీళ్లు, బ్రష్షు పెట్టుకుని బండి దగ్గర నిలబడ్డాను. పెళ్లికొడుకు మాస్కు తియ్యకుండానే చేతులు చాపి నిలబడ్డాడు, రుద్ది హోస్‌తో కడిగాను. ఇంకో ఇద్దరు వచ్చారు. నాలుగోవాడు మాత్రం "చలేస్తోంది అన్నా, రేపు చూద్దాం" అంటూ కోటుతోనే క్యాబిన్‌లోకి ఎక్కేశాడు. మాటలు నా నోటి దాకా వచ్చాయి గానీ అనలేదు. వాడి వయసులో నేనైతే బకెట్టే తన్నేవాణ్ణి.

దారంతా క్యాబిన్‌లో ఆ వాసనే. నిజం చెప్పాలంటే, నాకది ఇప్పటికీ ఇష్టంగానే ఉంటుంది. స్టేషన్‌కి చేరాక అద్దాలు దించి, గుడ్డ తడిపి, వాడు కూర్చున్న సీటు తుడిచాను.