నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వెళ్లి

శనివారం, రాత్రి పదిన్నర.

చూరు కాలువలో పేరుకున్న ఆకులు తీయడానికి పొద్దున పక్కింటి పెద్దాయన దగ్గర నిచ్చెన తెచ్చుకున్నాను. అరగంట పని. దాన్ని తిరిగి ఇచ్చి వస్తానని వెళ్లినవాణ్ని రెండు గంటల తర్వాత గానీ ఇల్లు చేరలేదు. అప్పటికి పప్పు చల్లారిపోయింది. మా ఆవిడ మాత్రం చల్లారలేదు.

తప్పంతా ఆయన గ్యారేజీ గోడకు వేలాడుతున్న పాత ట్రాన్సిస్టర్‌ది. ఎందుకు దాచారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌కు వచ్చిన మొదటి మే నెలలోనే నాకు ఒక విడ్డూరం ఎదురైంది. ప్రపంచమంతా చూసే ఇండీ 500 కార్ల పోటీని, అది జరిగే ఊళ్లోనే టీవీలో మామూలుగా ప్రత్యక్షంగా చూపించరు. జనం టిక్కెట్టు కొనుక్కుని రావాలని పెట్టుకున్న కట్టడి అది. నూరో పోటీ జరిగిన 2016లో సీట్లన్నీ అమ్ముడుపోయాక సడలించారు, ఆ తర్వాతా కొన్నిసార్లు సడలించారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు రేడియోయే దిక్కు. అయితే ఈ ట్రాన్సిస్టర్ ఇంట్లో వినడానికి కాదట, మైదానానికి పట్టుకెళ్లడానికట. ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్లు. ఏ సీట్లో కూర్చున్నా ఒక ముక్కే కనబడుతుంది, మిగతాది చెవులతో చూడాలి.

పెద్దాయన అసలు పోటీ గురించి ఎక్కువ చెప్పలేదు. 1982లో గోర్డన్ జాన్‌కాక్ 0.16 సెకన్ల తేడాతో రిక్ మియర్స్‌ను ఓడించడం, 1992లో ఆ తేడా 0.043కు తగ్గడం, ఇవన్నీ రెండు మాటల్లో తేల్చేశారు. ఆయన ప్రాణమంతా పోటీలో చోటు సంపాదించుకునే క్వాలిఫయింగ్‌లో ఉంది. అప్పట్లో మే అంటే నెలంతా పండగే. వారాల తరబడి ప్రాక్టీసు, రెండు వారాంతాలు క్వాలిఫయింగ్. చోటు 33 కార్లకే. ఒక్కో డ్రైవరు ఒంటరిగా నాలుగు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ నాలుగు చుట్లు తిరగాలి. కారు రివ్వున దూసుకుపోతుంది. ఎంత వేగమో కంటికి అందదు. చేతిలో ఫోన్లు లేవు. జనమంతా తలలెత్తి లౌడ్‌స్పీకర్ వైపు చూస్తూ నిశ్శబ్దంగా ఉండిపోతారు. అప్పుడు టామ్ కార్నెగీ గొంతు వినిపిస్తుంది. 1946 నుంచి 2006 దాకా అరవై ఏళ్లు ఆ మైదానానికి ఆయనే గొంతు. ముందు సమయం చదువుతారు, ఆ తర్వాత వేగం, ఆపైన, అదృష్టముంటే, "కొత్త ట్రాక్ రికార్డు!"

ఈ ముక్క చెప్పేటప్పుడు పెద్దాయన నిచ్చెనను గోడకు ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, గొంతు మార్చి చెప్పారు. సమయానికీ వేగానికీ మధ్య ఎంత ఆగాలో కూడా ఆగి చూపించారు. 1977లో టామ్ స్నీవా తొలిసారి గంటకు 200 మైళ్లు దాటినప్పుడు తండ్రి పక్కన నిలబడి విన్నారట. 200.401. పాత ఫోన్ నంబరులా ఆ అంకె ఆయన నాలుక మీదే ఉంది.

మా తాతయ్య సురభి నాటకాల గురించి ఇలాగే చెప్పేవాడు. పద్యం కంటే, పద్యం అయ్యాక జనం "వన్స్ మోర్" అనేలోపు ఉండే ఆ క్షణం గురించి. దోమల సంగతి, తెల్లవారుజామున ఎడ్లబండిలో తిరుగు ప్రయాణం సంగతి ఎన్నడూ చెప్పలేదు. అందుకే బంగారు రోజులంటే నాకు కాస్త అనుమానం.

ఆ అనుమానంతోనే అడిగాను: ఇప్పుడు ఆ రికార్డు ఎవరిది? అరీ లూయెన్‌డైక్‌ది, 1996లో, అన్నారు పెద్దాయన. అని ఊరుకున్నారు. ఎందుకు ఊరుకున్నారో తెలిసేసరికి నాకు కొంచెం సిగ్గేసింది.

1996 వీళ్లకు అన్నదమ్ములు వేరుపడ్డ ఏడాది. మైదానం అప్పటి యజమాని కుటుంబానికి చెందిన టోనీ జార్జ్ సొంతంగా ఇండీ రేసింగ్ లీగ్ పెట్టి, 33 చోట్లలో 25 తన లీగ్ జట్లకే కేటాయించాడు. కార్ట్ అనే పాత లీగ్ జట్లలో పెద్దవన్నీ అలిగి అదే రోజున మిషిగన్‌లో పోటీ పెట్టుకున్నాయి. అక్కడ పచ్చజెండా ఊపకముందే ముందు వరుస కార్లు తగులుకుని, వెనకవాళ్లు వచ్చి గుద్దుకున్నారు. ఇక్కడ పోల్, అంటే వరుసలో మొదటి చోటు సాధించిన స్కాట్ బ్రేటన్ వారం తిరగకముందే ప్రాక్టీసులో చనిపోయాడు. లూయెన్‌డైక్ రికార్డు కూడా ఆ నెలలోనే. మరుసటి ఏడాది టర్బో ఇంజన్లు తీసేశారు, వేగం తగ్గింది. లీగులు 2008లో మళ్లీ కలిశాయి కానీ ఆ అంకె ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పెద్దాయన ఎదురుచూసే ఆ కేక చివరిసారి వినిపించింది, ఆయన తలుచుకోవడానికి ఇష్టపడని నెలలోనే.

మాట మార్చడానికి 1995 గురించి అడిగాను. ఆ ప్రశ్నతో ముఖం వెలిగిపోయింది. అంతకు ముందు ఏడాది అందరినీ మట్టికరిపించిన పెన్‌స్కీ జట్టు ఆ ఏడాది ఇద్దరు డ్రైవర్లలో ఒక్కరినీ 33లోకి తేలేకపోయింది. అల్ అన్సర్ జూనియర్ గత ఏడాది విజేత, ఎమర్సన్ ఫిట్టిపాల్డీ రెండుసార్లు విజేత. డబ్బు, పేరు, ఏదీ గడియారం దగ్గర చెల్లలేదు. ఈ కథకు పెద్దాయన నవ్విన నవ్వు చూస్తే, వేగం కన్నా ఇదే ఎక్కువ పోగొట్టుకున్నారేమో.

ఇంటికొచ్చి పప్పు వేడి చేసుకుంటుంటే మా అమ్మాయి, "రెండు గంటలు ఏం మాట్లాడారు నాన్నా?" అంది. 1996లో ఒకాయన ఇక్కడ ఒక ల్యాపు తిరిగాడమ్మా, 38 సెకన్లు కూడా పట్టలేదు, అన్నాను. "అయితే వేగం ఎంత?" అంది. పెద్దాయన నేర్పినట్టే ఆగాను. గరిటె గిన్నె మీద పెట్టాను. గొంతు సవరించుకున్నాను.

"237.498," అంది అమ్మాయి, ఫోనులోంచి తలెత్తకుండా.