గౌతమి గట్టు కింద బురద రేసు

బయటి ఊళ్ళవాళ్ళు బురదంటే ఒక్కటే అనుకుంటారు. కాదండి. ఏటి మధ్య లంకలో బురద వేరు, పొలాలకెళ్ళే పుంత దారిలో బురద వేరు, కొబ్బరి తోటలో నీటి బోదెల పక్కన ఉండేది ఇంకో రకం. మొన్న ఆదివారం రావులపాలెం దగ్గర గోదావరి పాయ గౌతమి గట్టు కింద జరిగిన మౌంటెన్ బైక్ రేసులో ఈ మూడింట్లోంచీ నాలుగేసి సార్లు వెళ్ళొచ్చా, నడుం నొప్పి ఇంకా తగ్గలేదు, అయినా మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

పెద్ద రేసేం కాదు, ఈ చుట్టుపక్కల సైకిళ్ళు తొక్కేవాళ్ళం ముప్పై ఒక్క మందిమి తలా కొంత వేసుకుని పెట్టుకున్నది. రౌండు 6 కిలోమీటర్లు, నాలుగు రౌండ్లు. గట్టు మీద కాస్త దూరం, అక్కణ్ణించి లంకలోకి దిగి అరటి తోటల మధ్య, మళ్ళీ గట్టెక్కి ఇవతలకి దిగి పుంత దారి, చివర కొబ్బరి తోట, తోట దాటి మళ్ళీ గట్టెక్కడం. కొండే లేనిచోట మౌంటెన్ బైక్ ఏంటని చాలామంది అడుగుతారు, మాకున్న ఎత్తల్లా ఏటిగట్టే, కానీ తడిసిన ఏటిగట్టు ఎక్కి చూస్తే తెలుస్తది దాని సంగతి. చక్రం జారిందంటే మళ్ళీ కిందనుంచే.

అల్పపీడనం వల్ల శుక్రవారం సాయంత్రం పట్టిన వాన శనివారం రాత్రి దాకా వదల్లేదు. సగం మంది వాయిదా వేద్దామన్నారు. నేను వద్దన్నా. ఇక్కడ బురదలో తొక్కడం రాకపోతే ఏడాదిలో నాలుగైదు నెలలు బండి గోడకి ఆనించి కూర్చోవాల్సిందే, మరి నేర్చుకునేది ఎప్పుడు? ఒక్క షరతు మాత్రం అందరం ఒప్పుకున్నాం, పొలం గట్ల మీదకి ఎవరూ బండి ఎక్కించకూడదని. సార్వా వరి ఈనే టైమ్, గట్టు తెగి చేలో నీళ్ళు పోతే ఆ రైతు కష్టం ఎవరిస్తారు. దారి బాగోలేదని చేలో పడి తొక్కేవాళ్ళంటే నాకు నిజంగానే కోపం.

శనివారం సాయంత్రం మా మావయ్య చూరు కింద కుర్చీ వేసుకుని నేను బండి సర్దుకోవడం చూస్తున్నాడు. జీవితమంతా వ్యవసాయం, ఇలాంటి సైకిల్ ఎప్పుడూ ఎక్కలేదు. నా వెనక టైరు మీద చెయ్యేసి, "ఒరే అల్లుడూ, ఈ బొడిపెలేంట్రా ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయి, మధ్యలో ఇరుక్కున్న మన్ను ఎలా రాలద్దిరా? ట్రాక్టర్‌కి వేసే దమ్ము చక్రం చూళ్ళేదా నువ్వు, రెక్కకీ రెక్కకీ మధ్య ఎంత ఖాళీ ఉంటదో?" అన్నాడు. నేను అలాగే ఆగిపోయా. బురద టైర్లు చేసేవాళ్ళు కూడా చేసేది అదే కదా, బొడిపెలు పొడుగ్గా, ఎడంగా పెడతారు, చక్రం తిరుగుతుంటే మన్ను దానంతటదే ఎగిరిపోవాలని. ఇంట్లో ఎడం బొడిపెల పాత టైరు ఒకటి పడుంది, వెడల్పు కూడా తక్కువే, అంటే ఫ్రేముకీ టైరుకీ మధ్య ఇంకాస్త జాగా దొరుకుద్ది. రాత్రికి రాత్రి అదే ఎక్కించేసా. గాలి కూడా మామూలుగా పెట్టే 27 పీఎస్ఐ నుంచి 21కి దించా, ట్యూబ్‌లెస్ కాబట్టి ధైర్యం చేసా, ట్యూబుంటే అంత తక్కువ గాలికి ఏ దుంగ అంచుకో తగిలి పంచరయ్యేది. ఫ్రేము అడుగునా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు లోపలి వైపునా మన్ను అంటకుండా కొబ్బరినూనె రాసా, బ్రేకు డిస్కులకి మాత్రం చుక్క కూడా తగలకుండా గుడ్డ చుట్టి మరీ.

పడుకోబోయే ముందు మావయ్య ఇంకో మాట చెప్పాడు. "పల్చటి బురదకి భయపడకురా. వాన తెరిపిచ్చి మన్ను ఆరడం మొదలెట్టిందా, అప్పుడు చూడు దాని తడాఖా, ఎద్దు గిట్టల్ని కూడా వదలదు."

పొద్దున సన్నగా తుంపర పడుతుంటే మొదలెట్టాం. మొదటి రెండు రౌండ్లు హాయిగానే పోయాయి, హాయి అంటే మొహం నిండా బురదే అనుకోండి, కళ్ళజోడు మొదటి కిలోమీటర్లోనే తీసి జేబులో పెట్టేసా. లంకలోది వరద వదిలెళ్ళిన ఒండ్రు. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పటికే కొన్ని లంకల దారులు నీళ్ళలో ఉంటాయి, వరద తీసాక మెత్తటి మన్ను అక్కడే ఉండిపోద్ది. అది సబ్బులా జారుద్ది గానీ అంటుకోదు, నీళ్ళు తగిలితే పోద్ది. అందులో హ్యాండిల్ బిగబట్టకూడదు, ముందు బ్రేకు ముట్టుకోకూడదు, సీటు మీదే కూర్చుని బరువు వెనక్కి ఉంచి చిన్న గేర్లో ఆపకుండా తొక్కుతూ ఉండాలి, ముందు చక్రం కాస్త అటూ ఇటూ పోతానంటే పోనివ్వాలి. పక్కకి పోయిందని గబుక్కున తిప్పామా, అయిపోయినట్టే. అలా తిప్పి రెండో రౌండ్లో అరటి గెలల పక్కన ఒకసారి పడ్డా, మెత్తటి నేల కాబట్టి దెబ్బ తగల్లేదు.

మూడో రౌండ్లో ఎండ వచ్చింది.

పుంత దారిలో ఉండేది నల్లమన్ను. గోదావరి నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు వస్తది, దారిలో దక్కను నల్లరేగడి నేలల్ని కడిగి తెచ్చి ఇక్కడ పోస్తది, ఆ బంక ఎక్కడికి పోద్ది మరి. తడిస్తే ఉబ్బుద్ది, అరగంట ఎండ తగిలితే పిండి ముద్దలా తయారవుద్ది. నిమిషం క్రితం తిరిగిన చక్రం ఉన్నట్టుండి బరువెక్కింది, ఇంకో పది గజాల్లో ఫోర్కు దగ్గర నిండిపోయి ఆగిపోయింది, అసలు తిరగనే లేదు. బండి దిగి ఎత్తబోతే రెండు బళ్ళ బరువుంది. పక్కనే పడున్న కొబ్బరి మట్ట ముక్క విరిచి దాంతో గోకడం మొదలెట్టా, అవతల ముగ్గురు నన్ను దాటి తోసుకుంటూ పోయారు. అప్పుడు నాకు 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తొచ్చింది, బ్రిటన్ సైక్లిస్టు టామ్ పిడ్‌కాక్ మౌంటెన్ బైక్ రేసు మధ్యలో ముందు చక్రం పంచరై, చక్రం మార్చుకుని, వెనకబడిపోయి కూడా చివరి రౌండ్లో అందుకుని గోల్డ్ కొట్టాడు కదా. ఆయనెక్కడ నేనెక్కడ, అది వేరే సంగతి, కానీ చేతులు వణకకుండా నిదానంగా గోకడానికి ఆ తలపు నిజంగా పనికొచ్చింది.

నా ముందు కుర్రాడు మాత్రం మన్ను నిండిన బండిని అలాగే బలంగా తొక్కాడు. టప్ మని చప్పుడు, గేర్లు మార్చే వెనక డిరైలర్ పోయి చువ్వల్లో పడింది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. పాపం ఏడుపొక్కటే తక్కువ. గొలుసు గట్టిగా ఉందనిపిస్తే ఆ క్షణమే ఆగాలండి, కాళ్ళతో బలం చూపించే చోటు కాదది.

అందరూ దారి అంచున గడ్డి కనపడుతుందని అటే పోతున్నారు. అక్కడే మన్ను ఆరుతోంది. నాకు మావయ్య మాట బుర్రలో ఉంది, అందుకని ట్రాక్టర్ చక్రాల గాళ్ళలో నీళ్ళు నిలిచిన చోటే తిన్నగా దిగిపోయా. లోతు జానెడు, అడుగున నేల గట్టిగానే ఉంది, ట్రాక్టర్ తొక్కితొక్కి గట్టిపడిపోయిందేమో. నీళ్ళు చక్రాల్ని కడిగేస్తున్నాయి, బండి తేలికైపోయింది! ఆ రౌండ్లో అక్కడే నలుగుర్ని దాటా. కొబ్బరి తోటలో కూడా బోదె దాటేచోట దుంగ మీంచి పోకుండా కావాలనే నీళ్ళలోంచి పోయా.

నాలుగో రౌండుకి బ్రేకులు పోయాయి. లివర్ నొక్కితే హ్యాండిల్‌కి తగులుతోంది. గట్టు దిగేటప్పుడు రెండు కాళ్ళూ కింద పెట్టి ఈడ్చుకుంటూ దిగా, భయమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

2 గంటల 22 నిమిషాలు పట్టింది, పొడి నేల మీద ఇదే దూరం గంటా పావులో తొక్కేసేవాణ్ణి. తొమ్మిదో స్థానం. గెలిచింది లంక కుర్రాడు, పాత 26 ఇంచుల చక్రాల బండి మీద. పుంతలో బంకగా ఉన్న రెండొందల గజాలూ బండి భుజానేసుకుని పరిగెత్తాట్ట, ప్రతి రౌండూ. ఎందుకలా అనిపించిందయ్యా అని అడిగితే, "ఆయ్, తోస్తే చక్రం తిరుగుద్ది కదండి, తిరిగితే మన్నెక్కుద్ది. భుజాన ఉంటే ఎక్కదు కదండి" అన్నాడు. నేను ఇన్నేళ్ళుగా తోస్తూనే ఉన్నా.

అక్కడే అరటి తోటలో మోటారు వేసి ఉంటే ఆ రైతునడిగి బండి కడుక్కున్నా, ఆరితే ఆ నల్లమన్ను ఉలితో కొట్టాల్సిందే. ధారని హబ్బుల మీదకి, పెడళ్ళ మధ్యకి తిన్నగా పట్టలేదు, బేరింగుల్లోకి పోద్దని. ఇంటికొచ్చి బ్రేక్ ప్యాడ్లు తీస్తే వెనకవి రేకు తేలిపోయి ఉన్నాయి, మూడు వారాల క్రితం వేసిన కొత్తవే. రెసిన్ ప్యాడ్లు బురదలో ఇంత తొందరగా అరుగుతాయని చదివా గానీ కళ్ళారా చూడ్డం ఇదే, ఈసారి లోహపు పొడితో చేసే సింటర్డ్‌వి ఆర్డర్ పెట్టా.

మావయ్య వచ్చి "దమ్ము చక్రం పనిచేసిందా?" అన్నాడు. పనిచేసింది మావయ్యా, నీ రెండో మాట ఇంకా బాగా పనిచేసింది అని చెప్పా. ఏమీ అనకుండా వెనక చక్రం చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇసక చేరిందిరా లోపల."

లంకదే అయ్యుంటది. రేపు విప్పాలి.