ఆగస్టులో ఒకే క్యాంపస్‌కు ఇద్దరు కొత్తవాళ్లు

జులై ఆఖరు వచ్చిందంటే డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్‌లలోని తెలుగు ఇళ్లలో రెండు రకాల హడావిడి మొదలవుతుంది. హైస్కూల్ పూర్తయిన పిల్లలున్న ఇంట్లో డార్మ్‌కి, అంటే క్యాంపస్ హాస్టల్‌కి, సామాన్ల లిస్టు తయారవుతుంటుంది. అక్కడి మంచాలు ట్విన్ ఎక్స్‌ఎల్ సైజు కాబట్టి ఇంట్లో ఉన్న దుప్పట్లేవీ సరిపోవని అప్పుడే తెలుస్తుంది. పక్కింట్లో ఇండియా నుంచి ఎమ్మెస్‌కి వస్తున్న మేనల్లుడికో, మేనల్లుడి స్నేహితుడికో, ఆ స్నేహితుడి రూమ్మేట్‌కో ఎయిర్‌పోర్ట్ పికప్‌కి ఎవరు వెళ్లాలన్న చర్చ నడుస్తుంటుంది. చిత్రమేమిటంటే, చాలాసార్లు వీళ్లిద్దరూ చేరేది ఒకే యూనివర్సిటీలో. అదే లైబ్రరీ, అదే పార్కింగ్ గొడవ. అయినా చదువు పూర్తయ్యేదాకా ఒకరితో ఒకరు సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడుకోరు.

మా అమ్మాయి యూటీ డాలస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్) చేరాక ఇది నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ యూనివర్సిటీ కథే కొంచెం వింత. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ వ్యవస్థాపకులు, ఇక్కడి తెలివైన పిల్లలు పైచదువులకు వేరే రాష్ట్రాలకు వెళ్లిపోతుంటే తాము ఇంజనీర్లను బయటి నుంచి తెచ్చుకోవాల్సి వస్తోందని ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. 1969లో అది ప్రభుత్వ యూనివర్సిటీ అయింది. మొదట పీజీ చదువులే ఉండేవి, ఫస్టియర్ పిల్లల్ని చేర్చుకోవడం 1990లో గానీ మొదలవలేదు. ఇప్పుడు డిగ్రీ క్లాసుల్లో చుట్టుపక్కల ఊళ్లలో పెరిగిన మన పిల్లలు, ఎమ్మెస్ క్లాసుల్లో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వచ్చిన మన పిల్లలు. పైగా ఫుట్‌బాల్ టీమ్ లేదు, చెస్ టీమ్‌కి మాత్రం స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. తెలుగు తల్లిదండ్రులు కూర్చుని కట్టించినా ఇంతకంటే వాళ్లకు నచ్చేలా కట్టించలేరు.

మా ఇంటి నుంచి క్యాంపస్‌కి కారులో అరగంట. అయినా అమ్మాయి డార్మ్‌లోనే ఉంటానంది. మా అత్తగారికి ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. ఇల్లు ఉండగా ఇంకోచోట అద్దె కట్టడమేమిటని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు. లెక్క ప్రకారం ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ ఇంటి నుంచి వచ్చి వెళ్లే పిల్లలకు క్లాసు ఒక్కటే తెలుస్తుంది. రాత్రి పదకొండింటికి కాల్క్యులస్ లెక్క తేలక పక్క గది తలుపు కొట్టడం, లాండ్రీ గదిలో ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట కలవడం వంటివి ఇంటి నుంచి కుదరవు. ఇక్కడి యూనివర్సిటీలు మొదటి వారాన్ని అంత ఆర్భాటంగా జరిపేది కూడా అందుకే. ఆటలు, ఉచిత టీషర్టులు, క్లబ్బుల స్టాళ్లు బయటినుంచి చూసేవాళ్లకు పిల్లలాటలా ఉంటాయి. మొదటి నెలలో పరిచయాలు ఏర్పడని పిల్లలు తర్వాత గదిలో ఒంటరిగా ఉండిపోతారని యూనివర్సిటీలవాళ్లకు అనుభవంమీద తెలుసు.

ఆ స్వాగతంలో తల్లిదండ్రులకూ కొంత చోటు ఉంటుంది. ఓరియంటేషన్‌లో మమ్మల్ని ఒక హాల్లోకి, పిల్లల్ని ఇంకో హాల్లోకి పంపారు. మా హాల్లో కాఫీ ఇచ్చి, నవ్వుతూ చాలా మర్యాదగా చెప్పిన మాటల సారాంశం ఒక్కటే: ఇక మీరు వెళ్లొచ్చు. 1974లో వచ్చిన ఫెర్పా అనే కేంద్ర చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి మార్కులు, హాజరు, ఫైలు అన్నిటిమీదా హక్కు విద్యార్థిదే. ఫీజు మీరే కట్టినా, పిల్ల అనుమతి రాసిస్తే తప్ప ఫోన్ చేసి వివరాలు అడిగే వీలు దాదాపు ఉండదు. ట్యాక్స్‌లో మనమీద ఆధారపడిన పిల్లలైతే చెప్పే వెసులుబాటు కాలేజీకి చట్టం ఇచ్చింది, కానీ చెప్పి తీరాలని లేదు. ఆసుపత్రుల్లోనూ అంతే, పద్దెనిమిది నిండితే డాక్టరు మాట్లాడేది పిల్లలతోనే. నా పక్కన కూర్చున్న తెలుగాయన ఇదంతా విని, "మరి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెడతారండీ?" అన్నాడు. హాస్యానికే అన్నాడు గానీ, మొహంలో టెన్షన్ కనబడింది.

నన్నడిగితే ఫెర్పా మన ఇళ్లకు మంచే చేసింది. మార్కులు చూసే లాగిన్ మన చేతిలో లేనప్పుడు అడగక తప్పదు, అడిగినప్పుడు పిల్ల నిజం చెప్పాలంటే అడిగే పద్ధతి మారాలి. ఆరోగ్యం విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఆగస్టుకు ముందే పిల్లలతో కూర్చుని వైద్య సమాచారం మనకు ఇవ్వొచ్చన్న ఫారం, పిల్లలు చెప్పలేని స్థితిలో ఉంటే వైద్య నిర్ణయాలు మనం తీసుకునే వీలిచ్చే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ సంతకం చేయించుకుని పెట్టుకోండి. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు మెనింజైటిస్ టీకా వేయించుకున్నట్టు కాగితం చూపించాలి, టర్మ్ మొదలవడానికి కనీసం పదిరోజుల ముందే వేయించుకోవాలి. ఏటా ఆ ఒక్క కాగితం లేక రిజిస్ట్రేషన్ ఆగిపోయిన పిల్లలు కొందరుంటారు.

ఇంకొకటి. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ మొత్తంమీద ఆరు కోర్సులకు మించి డ్రాప్ చెయ్యడానికి లేదు. 2007 నుంచి ఉన్న రాష్ట్ర చట్టం అది. అయితే సెమిస్టర్ మొదలయ్యాక పన్నెండో క్లాసు రోజు వరకూ, అంటే సెన్సస్ డే దాకా, వదిలేసినవి ఆ లెక్కలోకి రావు. కాబట్టి కోర్సు కష్టంగా ఉందనిపిస్తే తేల్చుకోవాల్సింది ఆ రెండు మూడు వారాల్లోనే. తేల్చుకోవాలంటే ప్రొఫెసర్ ఆఫీసు అవర్స్‌కి, అంటే విద్యార్థుల సందేహాల కోసం ఆయన గదిలో ఉండే వేళకి, వెళ్లి కూర్చోవాలి. మన పిల్లలు చాలామంది అక్కడే తడబడతారు. అమెరికాలో పుట్టినా, పెద్దవాళ్లకు ఎదురు ప్రశ్న వేయకూడదన్నది ఇంట్లో మనం నేర్పిందే. తెలియదని ఒప్పుకోవడం చిన్నతనమన్నదీ మనం నేర్పిందే. బిడియపడే పిల్లను ఆఫీసు గదిదాకా తీసుకెళ్లింది నేనో వాళ్ల నాన్నో కాదు. "పద, నేనూ వస్తా, ఆయనేం కరవడు" అన్న సెకండియర్ అమ్మాయి.

ఆ సెకండియర్ అమ్మాయి గురించే ఆలోచిస్తుంటాను. తొంభైల మొదట్లో నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు సీనియర్ అంటే భయం. తలొంచుకుని నడవాలి, అడిగినప్పుడల్లా "ఇంట్రడక్షన్" చెప్పాలి, హాస్టల్లో రాత్రుళ్లు జరిగేవి ఇంట్లో చెప్పుకోలేం. దానివల్లే స్నేహాలు గట్టిపడ్డాయనే బ్యాచ్‌మేట్లు ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. స్నేహం గట్టిపడింది ర్యాగింగ్ అయ్యాక నోట్సు ఇచ్చినందుకు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినందుకు. అంతకుముందు జరిగింది లేకపోయినా ఆ నోట్సు వచ్చేవే. 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది, మా బ్యాచ్ అప్పటికే బయటపడింది. అలాగని ఇక్కడ అలాంటివి లేవనుకోకండి. ఫ్రాటర్నిటీలు అనే విద్యార్థి సంఘాలు, కొన్ని డాన్సు టీములు, మన దేశీ టీములతో సహా, కొత్తగా చేరినవాళ్లతో ఏమేం చేయిస్తాయో పిల్లల్ని అడిగి తెలుసుకోండి. కాలేజీలు ఇలాంటి ఘటనలను బయటపెట్టి తీరాలని 2024 డిసెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం చేసిందంటే సమస్య ఎంత ఉందో అర్థమవుతుంది.

ఇక రెండో కొత్తవాడి సంగతి.

2023–24 లెక్కల్లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మనవాళ్లు మళ్లీ మొదటి స్థానానికి వచ్చిన ఏడాది అది. అందులో 1,96,567 మంది మాస్టర్స్, పీహెచ్‌డీ వంటి పీజీ చదువుల్లోవాళ్లు. వీళ్లకు రాగానే ఉచిత టీషర్టు కంటే ముందు పడుకోవడానికి చోటు కావాలి. స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందు దేశంలో అడుగుపెట్టడానికి లేదు. వచ్చాక ఇంటర్నేషనల్ ఆఫీసులో రిపోర్ట్ చెయ్యాలి. అప్పులు, బిల్లులు సరిగ్గా కట్టిన రికార్డు, అంటే క్రెడిట్ హిస్టరీ, ఉండదు కాబట్టి అపార్ట్‌మెంట్ లీజు దొరకడం కష్టం. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే గానీ సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు, ఆ ఉద్యోగమూ సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. 2025లో మే ఆఖరు నుంచి జూన్ మధ్యదాకా కొత్త స్టూడెంట్ వీసాల ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేశారు. ఆ ఏడాది వీసా చేతికొచ్చేసరికే ఆలస్యమై, జెట్‌లాగ్ తీరకుండానే క్లాసుల్లో కూర్చున్నవాళ్లు ఎంతమందో.

వీళ్లను ఆదుకునేదీ సీనియర్లే. వాట్సాప్ గ్రూపులు, ఎయిర్‌పోర్ట్ పికప్‌లు, హాల్లో పరుపు వేసి వారం రోజులు చోటివ్వడం, నలుగురు రూమ్మేట్లను కలిపి లీజులో పేర్లు రాయించడం. నేను ఎమ్మెస్‌కి వచ్చినప్పుడూ ఇదే పద్ధతి, వాట్సాప్ బదులు ఈమెయిల్ ఉండేది. 2025 అక్టోబరు నుంచి ఎయిర్‌పోర్టుకూ యూటీ డాలస్‌కూ సిల్వర్ లైన్ రైలు నడుస్తోంది. కానీ రోజంతా విమానాల్లో కూర్చుని రెండు 23 కిలోల పెట్టెలతో దిగినవాడికి రైలు టైమ్‌టేబుల్ కంటే తన పేరు పెట్టి పిలిచే మనిషి అవసరం.

మరి అదే క్యాంపస్‌లో ఉన్న మా అమ్మాయి స్నేహితులకు ఈ ప్రపంచం తెలియదు. తెలిసినా, కొంచెం దూరం జరుగుతారు. ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, ఎమ్మెస్ పిల్లల యాసను వెక్కిరించడం మన పిల్లల్లో ఉంది. బళ్లో తమను ఎవరో వెక్కిరించినప్పుడు పడ్డ బాధనుంచే అది కొంత వచ్చింది, ఆ గుంపులో తమనూ కలిపేస్తారేమోనన్న భయం. మిగతాది మా భోజనాల బల్ల దగ్గర నేర్చుకున్నది. "ఇప్పుడొచ్చేవాళ్లు మనలా కాదు, అడ్డదారులు" అనే మాట ఎన్ని పార్టీల్లో వినలేదు? అదే దారిలో, అవే ఐ-20 కాగితాలతో వచ్చినవాళ్లే అంటున్న మాట అది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

మా ఇంట్లో మాత్రం ఆ మాట సాగనివ్వం. అమ్మాయి ఫస్టియర్ పూర్తయ్యాక వేసవిలో, మా చుట్టాలబ్బాయి వస్తుంటే, పికప్‌కి తననే వెళ్లమన్నాను. సణుగుతూ వెళ్లింది. వాడు ఇంగ్లీషులో మాట్లాడితే ఇది తెలుగులో జవాబు చెప్పిందట, ఇద్దరికీ తమకు కష్టమైన భాషే మర్యాదనిపించింది. "మీది ఏ ఊరు?" అని అడిగాడట. "ఫ్రిస్కో." "అది కాదు, అసలు ఊరు?" "అదే అసలు ఊరు" అందట. వాడు కాసేపు నవ్వి, "అయితే ఇక్కడి సంగతులన్నీ నిన్నే అడగాలి" అన్నాడు. అడిగాడు కూడా. బ్యాంకు ఖాతాకు ఏం పట్టుకెళ్లాలి, బీమా కార్డు తీసుకునే డాక్టర్ని ఎలా వెతకాలి, ప్రొఫెసర్‌ను సార్ అనాలా పేరు పెట్టి పిలవాలా, పార్టీకి రమ్మని "మనం కలుద్దాం" అన్నవాళ్లు నిజంగా పిలిచినట్టా కాదా. మా అమ్మాయికి ఇవన్నీ చిన్నప్పటి నుంచి తెలిసినవి, ఎవరికైనా పనికొస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. బదులుగా వాడు దానికి డేటా స్ట్రక్చర్స్ చెప్పాడు, బోర్డు మీద, ఓపికగా, మన కోచింగ్ సెంటర్ల పద్ధతిలో.

ఆ తర్వాత నేను చేసింది పెద్దగా ఏమీ లేదు, కారు తాళాలు ఇవ్వడం తప్ప. సెకండియర్ మొదట్లో తనూ ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లూ ఇంటర్నేషనల్ విద్యార్థుల కోసం ఒక శనివారం పెట్టుకున్నారు. లీజు కాగితంలో చూడాల్సిన పేరాలు, ట్రాఫిక్ పోలీసు ఆపితే కారులోంచి దిగకుండా చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలన్నది, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి అంటూ వచ్చే దొంగ ఫోన్లు, ఇవీ విషయాలు. నేను పులిహోర చేసి పంపుతానంటే, "అమ్మా, నువ్వు రావద్దు, పులిహోర మాత్రం పంపు" అంది.

ఈ మధ్య ఇండియా నుంచి ముక్కూమొహం తెలియని తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. "మావాడు వస్తున్నాడమ్మా, కాస్త చూసుకోండి" అని. వాళ్ల గొంతులో ఆత్రం నాకు తెలియనిది కాదు. కానీ ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. మీ అబ్బాయి నంబర్ ఇవ్వండి, మా అమ్మాయి మెసేజ్ పెడుతుంది, ఫ్లైట్ వివరాలు వాడినే పంపమనండి. కొందరు నొచ్చుకుంటారు. ఒకాయన, "వాడికి అలాంటివి తెలియవండీ, అన్నీ నేనే చూసుకుంటా" అన్నారు. వాడికి 22 ఏళ్లు. మూడు రోజులకు అబ్బాయి నుంచి మా అమ్మాయికి మెసేజ్ వచ్చింది. టికెట్ ఫొటో, టెర్మినల్ నంబర్, పెట్టెల రంగు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద ఇంకో లైను: "నాన్నకి ఫోన్ చెయ్యకండి, టెన్షన్ పడతారు, దిగాక నేనే చెప్తా."