జమ్ముగడ్డిలో ఒక మెడ

హామర్‌స్మిత్ స్టేషన్‌లో దిగి, వంతెన మీదుగా థేమ్స్ దాటాను. ఆ వంతెన మీద 2019 నుంచి మోటారు వాహనాలు తిరగడం లేదు. లండన్‌లో ఇంత ప్రశాంతంగా నది దాటడం నాకైతే బాగుంది. రోజూ బస్సులో వెళ్లాల్సిన అవతలి ఒడ్డు బార్న్స్ వాళ్లనడిగితే వేరే కథ చెబుతారేమో. జనవరి చలికి చేతులు జేబుల్లోంచి బయటికి రానంటున్నాయి.

నేను వెళ్తున్నది లండన్ వెట్‌ల్యాండ్ సెంటర్‌కి. ఒకప్పుడు అక్కడ విక్టోరియా కాలం నాటి నాలుగు రిజర్వాయర్లు ఉండేవి. వాటి అవసరం తీరిపోయాక మడుగులు, బురద మేటలు, జమ్ము పొదలుగా మలిచి 2000లో తెరిచారు. చూస్తే తరతరాల చిత్తడిలాగే ఉంటుంది గానీ, అంతా ప్లాన్ వేసి తవ్వినదే.

మడుగు అంచుల్లో మంచు పేరుకుంది. బాతులన్నీ మధ్యలో మిగిలిన నీళ్లలో చేరాయి. వాటిలో షవలర్లని చూస్తే నవ్వొచ్చింది. గరిటె లాంటి ముక్కు నీళ్లలో ముంచి, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. అలా తిరిగితే అడుగునున్న మేత సుడితో పైకి వస్తుంది. ముందున్నది కాళ్లతో కలిపితే వెనకున్నది తింటుంది. అంతలో నెత్తిమీద కీచుమంటూ ఆకుపచ్చగా ఓ గుంపు దూసుకెళ్లింది. రామచిలుకలు! లండన్‌లో అవి స్థిరపడిపోయి చాలా ఏళ్లయిందని చదివాను, అయినా మోడు చెట్ల మీద వాటిని చూస్తే ఇంకా నమ్మబుద్ధి కాలేదు.

నేను వచ్చింది మాత్రం బిట్టర్న్ కోసం. కొంగ జాతిదే, గోధుమరంగు ఒళ్లంతా చారలు. చలికాలంలో ఇక్కడికి వస్తుంది. పక్షుల్ని చాటుగా చూసే చెక్క గదిలో కూర్చుని జమ్మునే చూస్తూ గంట గడిపాను. ఏమీ లేదు. కెమెరా బ్యాటరీ కూడా చలికి చచ్చిపోయింది.

పక్కనున్న పెద్దాయన నా అవస్థ గమనించినట్టున్నాడు. "ఆ విరిగిన కాడ ఉంది చూశారా? దానికి కాస్త ఎడమకి," అన్నాడు మెల్లగా.

చూశాను. గడ్డే. మళ్లీ చూశాను. ఎండిన కాడల్లో ఒక కాడకి కన్నుంది! మెడ నిటారుగా చాచి, ముక్కు ఆకాశానికి ఎత్తి, గాలికి జమ్ము ఎటు ఊగితే అటు తనూ ఊగుతోంది. గంట నుంచీ నా ఎదురుగానే ఉందన్నమాట! కాసేపటికి మెడ దించి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. అంతే, మళ్లీ గడ్డే.

పెద్దాయన చిన్న పుస్తకం తీసి టైమ్ రాసుకున్నాడు, 2.40. నేను లేవబోతే కాళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఇంకాసేపు కూర్చుండిపోయాను.