లీసా దొరికితే ముందు బ్యాటరీ చూడండి

పాత ఆపిల్ లీసా కంప్యూటర్ చేతికొస్తే వెంటనే ప్లగ్ పెట్టకండి. మౌస్, విండోలు, మెనూలతో 1983లో 9,995 డాలర్లకు వచ్చిన మెషీన్ అది. దాన్ని తినేసేది మాత్రం ఐ/ఓ (ఇన్‌పుట్/ఔట్‌పుట్) బోర్డు మీది నికెల్-కాడ్మియం బ్యాటరీ సెల్స్. కారిన రసం కింది కనెక్టర్ల దాకా పాకి రాగి గీతల్ని పచ్చగా కొరికేస్తుంది. వెనక ప్యానెల్ తీసి, బోర్డులుండే చట్రం (కార్డ్ కేజ్) బయటికి లాగి, సెల్స్ కత్తిరించేయండి. ఆ రసం క్షారం కాబట్టి ముందు వెనిగర్, తర్వాత నీళ్లు, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్. బాగా ఆరాక ఒక్కో గీతనీ ఎక్కడైనా తెగిందేమో మల్టీమీటర్‌తో చెక్ చేయాలి, ఓపిక కావాల్సింది ఇక్కడే. బ్యాటరీ లేకున్నా లీసా నడుస్తుంది. ప్లగ్ పీకితే టైం మరిచిపోతుందంతే, ఎలాగూ ఆ గడియారం 1995 దాటదు! పవర్ సప్లైలో పగిలిన రీఫా బ్రాండు కెపాసిటర్లుంటే తీసేసి ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు తగిన భద్రతా) రేటింగువి వేయండి, లేదంటే ఘాటు పొగే. కీబోర్డులో మీటలు పలకట్లేదా? లోపలి ఫోమ్ ప్యాడ్లు పొడైపోయి ఉంటాయి.